ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున

లెక్కల్లో తెలుగు

పోయిన నెల అర, పావు, ముప్పావు లాంటి భిన్నాల మాటలు చూశాం. ఈ నెల మన మాట ‘చొప్పున’. చూడడానికి చిన్న మాటే. కానీ ఇది బాగా పట్టుబడితే, హైస్కూలు పిల్లల్ని తిప్పలు పెట్టే ఒక పాఠం సగం వచ్చేసినట్టే. ఆ పాఠం పేరు అంకశ్రేఢి. పలకడం కష్టంగా ఉంటే విడదీసి పలకండి: అంక, శ్రేఢి. చివరి అక్షరం ‘ఢంకా’లో ఉండే ‘ఢ’. కాస్త ఒత్తి పలకాలి.

‘అంక’ అంటే అంకె, సంఖ్య. ‘శ్రేఢి’ అంటే వరుస. ఒకే తేడాతో నడిచే అంకెల వరుసే అంకశ్రేఢి. దీన్ని ఈ నెల మన పూర్వీకుల జీతం లెక్కతో నేర్చుకుందాం. ఆ జీతం నిజంగానే ఒక అంకశ్రేఢి.

చొప్పున, రెండేసి

ముందు ఈ మూడు వాక్యాలు పైకి చదవండి.

పిల్లలకి తలా రెండు లడ్డూల చొప్పున పంచారు.
నెలకి వంద రాండ్ల చొప్పున దాచుకుంటున్నాను.
గంటకి ఐదు కిలోమీటర్ల చొప్పున నడిచాడు.

మూడింటిలోనూ ఒకటే భావం. ప్రతిసారీ ఇంత, ఎప్పుడూ అంతే. ఒక పిల్లవాడికి రెండు, ఇంకో పిల్లవాడికి మూడు ఇస్తే ‘చొప్పున’ అనలేం. 

ఇదే పని చేసే చిన్న తోక ఒకటి ఉంది: ‘ఏసి’. రెండేసి, మూడేసి, నాలుగేసి. “మెట్లు రెండేసి ఎక్కకు, పడతావు” అని ఇంట్లో పెద్దవాళ్లు కోప్పడతారు. ఆ పిల్లవాడి కాలు పడే మెట్లు లెక్కపెట్టండి: 2, 4, 6, 8, 10. ప్రతిసారీ రెండు మెట్లే ఎక్కుతున్నాడు కాబట్టి ఇది అంకశ్రేఢి. మాట వింటే రెండేసి మానేసి ఒక్కొక్కటే ఎక్కుతాడు: 1, 2, 3, 4. అదీ అంకశ్రేఢే. తేడా రెండు నుంచి ఒకటికి తగ్గింది, అంతే.

ఒప్పందంలో ఉన్న వరుస

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. నేటాల్‌కి ఒప్పంద కూలీలతో వచ్చిన మొదటి ఓడ అదే. అప్పటి నుంచి 1911 వరకు మొత్తం 1,52,184 మంది అలా వచ్చారు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లు కూడా ఉన్నారు. 

ఒప్పందం ఐదేళ్లు. తిండి సరుకులు, ఉండడానికి చోటు ఇస్తారు. వాటితో పాటు మగవాళ్లకి మొదటి ఏడాది నెలకి 10 షిల్లింగుల జీతం. తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరుగుతుంది. అంటే ఐదేళ్లలో నెల జీతం ఇలా ఉంటుంది:

10, 11, 12, 13, 14

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. ‘ఏడు’ అంటే 7 అని మీకు తెలుసు. ‘ఏడు’ అంటే సంవత్సరం అని కూడా అర్థం. ‘ఐదేళ్లు’ అంటే ఐదు సంవత్సరాలు. ‘ఏటా’ అంటే ప్రతి సంవత్సరం. ‘ఏడేళ్లు’ అన్నప్పుడు మొదటి ఏడు అంకె, రెండోది సంవత్సరం.

వరుసలో ఉన్న ఒక్కొక్క అంకెని ‘పదం’ అంటారు. పదం అంటే మాట అని కూడా అర్థం ఉంది కదా. వాక్యంలో మాటలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చినట్టు శ్రేఢిలో పదాలు వస్తాయి. 10 మొదటి పదం. 11 రెండో పదం. 14 ఐదో పదం, ఈ వరుసలో చివరి పదం కూడా.

పక్కపక్కన ఉన్న రెండు పదాల తేడాని ‘సామాన్య భేదం’ అంటారు. ‘పదాంతరం’ అనే మాట కూడా తెలుగు బడి పుస్తకాల్లో కనిపిస్తుంది. భేదం అన్నా, అంతరం అన్నా తేడానే. ఇక్కడ ‘సామాన్య’ అంటే మామూలు అని కాదు, అందరికీ ఒకటే అని. 11లోంచి 10 తీస్తే 1. 12లోంచి 11 తీస్తే 1. చివరిదాకా అంతే. కాబట్టి ఈ వరుస సామాన్య భేదం 1.

ఒక వరుస అంకశ్రేఢి అవునో కాదో తేల్చుకోవాలంటే ఇదే పరీక్ష. ప్రతి పదంలోంచి దాని ముందు పదాన్ని తీసి చూడండి. తేడాలన్నీ ఒకటే అయితే అవును. ఒక్కచోట మారినా కాదు.

ఈ పరీక్షని జీతం మీదే ఇంకోలా పెట్టి చూద్దాం. ఏడాదికి ఒక అంకె కాకుండా నెలకి ఒక అంకె రాశామనుకోండి. పది పన్నెండుసార్లు వస్తుంది, తర్వాత పదకొండు పన్నెండుసార్లు వస్తుంది. పది పక్కన పది ఉన్నచోట తేడా సున్నా. పది పక్కన పదకొండు వచ్చినచోట తేడా ఒకటి. తేడా మారింది. కాబట్టి నెలల వారీగా రాస్తే అది అంకశ్రేఢి కాదు, ఏళ్ల వారీగా రాస్తేనే అవుతుంది. అందుకే లెక్క మొదలుపెట్టే ముందు ‘దేనికి ఎంత చొప్పున’ అని అడగాలి. నెలకా? ఏడాదికా? మనిషికా?

ఒకటి ఎందుకు తీసెయ్యాలి?

ఐదో ఏడాది జీతం 14 అని చూశాం. వరుస అంతా రాయకుండా ఆ అంకె ఎలా పట్టుకోవాలి? ఐదో ఏడు కదా అని పదికి ఐదు కలిపితే 15 వస్తుంది. అది తప్పు.

మీ చెయ్యి చాచి చూడండి. వేళ్లు ఐదు. వేళ్ల మధ్య సందులు ఎన్ని? నాలుగే. జీతం పెరిగేది ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి దాటే సందులోనే. ఐదేళ్లలో అలాంటి సందులు నాలుగు. కాబట్టి పదికి నాలుగు కలపాలి. 

దీన్ని సూత్రంగా రాస్తే ఇలా ఉంటుంది:

కావలసిన పదం = మొదటి పదం + (ఆ పదం ఎన్నోది − 1) × సామాన్య భేదం

ఐదో ఏడాదికి: 10 + (5 − 1) × 1 = 10 + 4 = 14.

మీ పిల్లల ఇంగ్లీషు పుస్తకంలో మొదటి పదానికి ‘ఏ’ అనీ, సామాన్య భేదానికి ‘డీ’ అనీ, ఎన్నో పదం అన్నదానికి ‘ఎన్’ అనీ అక్షరాలు ఉంటాయి. అక్షరాలు వేరు, సూత్రం ఇదే. పిల్లలకి చెప్పేటప్పుడు ముందు చేతి వేళ్లు చూపించండి. ఒకటి ఎందుకు తీస్తున్నామో తెలిస్తే సూత్రం మరిచిపోరు.

‘ఎన్నో’ అన్న మాట గమనించారా? ‘ఎన్ని’ అంటే లెక్క అడగడం. ‘ఎన్నో’ అంటే వరుసలో చోటు అడగడం. “మీకు పిల్లలు ఎంతమంది?” వేరు, “నువ్వు ఎన్నో బిడ్డవి?” వేరు. ఇంగ్లీషులో ఈ రెండో ప్రశ్న అడగాలంటే తడుముకోవాలి. తెలుగులో ఒక్క మాట చాలు. జవాబు కూడా అంతే సులువు: మొదటి, రెండో, మూడో, పదో, వందో.

తేడా ఎప్పుడూ పెరుగుదలే కానక్కర్లేదు, తరుగుదల కూడా కావచ్చు. ఐదేళ్లంటే 60 నెలలు. మొదటి నెల పూర్తయ్యాక ఒప్పందంలో మిగిలినవి 59. తర్వాత 58, 57, 56. ఇదీ అంకశ్రేఢే. ఇక్కడ తేడా −1. దాన్ని ‘రుణం ఒకటి’ అని చదువుతారు. రుణం అంటే అప్పు. ఇరవయ్యో నెల పూర్తయ్యాక మిగిలింది ఎంత? 59 + (20 − 1) × (−1) = 59 − 19 = 40. ఇంకా 40 నెలలు ఉన్నాయి.

మొత్తం ఎంత?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఐదేళ్లు కష్టపడితే చేతికి వచ్చేది ఎంత?

ముందు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఐదు పదాలు కూడదాం. వరుసని ఒకసారి ముందునుంచి, దాని కింద ఇంకోసారి వెనకనుంచి రాయండి.

10, 11, 12, 13, 14
14, 13, 12, 11, 10

పైదీ కిందదీ జత చేసి కూడండి. 10, 14 కలిపితే 24. 11, 13 కలిపితే 24. 12, 12 కలిపితే 24. ప్రతి జతా 24 అవుతుంది. పైవరుస ఒకటి పెరిగినప్పుడల్లా కిందవరుస ఒకటి తగ్గుతోంది కాబట్టి మొత్తం మారదు. అలాంటి జతలు ఐదు: 24 × 5 = 120. కానీ మనం వరుసని రెండుసార్లు రాశాం. అందుకని సగం చెయ్యాలి. 60.

సూత్రం:

పదాల మొత్తం = (మొదటి పదం + చివరి పదం) × పదాల సంఖ్య ÷ 2

అరవై షిల్లింగులు వచ్చింది. ఏడాదికి పన్నెండు నెలలు కాబట్టి 60 × 12 = 720 షిల్లింగులు. పౌండుకి ఇరవై షిల్లింగుల చొప్పున 36 పౌండ్లు. ఒక్క రోజు కోత కూడా లేకుండా, జబ్బు పడకుండా, ఐదేళ్లు పూర్తిగా పనిచేస్తే ఒప్పందం ప్రకారం ఒక మగమనిషికి వచ్చే డబ్బు ఇదీ. ముప్పై ఆరు పౌండ్లు.

లెక్కలో పాత మాట: ధనం

అంకశ్రేఢి మనకి ఇంగ్లీషు బడిలో కొత్తగా వచ్చింది కాదు. ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే దీని మొత్తం కట్టే పద్ధతి చెప్పాడు. మొదటి పదాన్నీ చివరి పదాన్నీ కూడి, పదాల సంఖ్యలో సగంతో హెచ్చవేయడం కూడా అందులో ఉంది. ‘హెచ్చవేయడం’ అంటే గుణించడం. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరు పొందింది అదే.

ఆ పాత గణితంలో వాడిన మాటలు చూడండి. మొదటి పదం ఆది. ప్రతిసారీ పెరిగేది చయం. చివరి పదం అంత్యధనం. నడిమి పదం మధ్యధనం. మొత్తం సర్వధనం. ధనం అంటే డబ్బే. మన లెక్కకి ఈ మాటలు అతికినట్టు సరిపోతాయి. ఆది 10. చయం 1. అంత్యధనం 14. మధ్యధనం 12. సర్వధనం 60.

వీటిలో మధ్యధనం చాలా పనికొచ్చే మాట. ఎందుకంటే మధ్యధనాన్ని పదాల సంఖ్యతో హెచ్చవేస్తే సర్వధనం వచ్చేస్తుంది. 12 × 5 = 60. పదాలు సరిసంఖ్యలో ఉంటే, అంటే నాలుగో ఆరో ఉంటే, నడిమిన ఒకే పదం ఉండదు. అప్పుడు మొదటి పదాన్నీ చివరి పదాన్నీ కూడి సగం చేస్తే అదే మధ్యధనం.

మధ్యధనం చెప్పే సంగతి

ఇంతకీ మధ్యధనం 12 అంటే ఏమిటి? ఏటా పెరిగే జీతం బదులు మొదటి నుంచీ చివరిదాకా నెలకి 12 షిల్లింగులు ఇచ్చినా ఐదేళ్ల మొత్తం అంతే అని. మరి రెండూ ఒకటేనా? ఏడాది ఏడాదికీ పక్కపక్కన పెట్టి చూద్దాం. కింద ఉన్నవి అప్పటిదాకా చేతికి వచ్చిన షిల్లింగులు.

మొదటి ఏడాది చివర: పెరిగే జీతం అయితే 120, ఒకే జీతం అయితే 144. తేడా 24.
రెండో ఏడాది చివర: 252, 288. తేడా 36.
మూడో ఏడాది చివర: 396, 432. తేడా 36.
నాలుగో ఏడాది చివర: 552, 576. తేడా 24.
ఐదో ఏడాది చివర: 720, 720. తేడా లేదు.

చూశారా? పెరిగే జీతం తీసుకునేవాడు నాలుగేళ్ల పాటు వెనకబడే ఉంటాడు. ఐదో ఏడాది చివరి నెల జీతం చేతిలో పడితేనే రెండూ సమానం అవుతాయి. మూడో ఏటి చివర మనిషి చనిపోతే, అతనికి అందింది 396 షిల్లింగులు. నెలకి 12 చొప్పున వచ్చి ఉంటే 432 అందేవి. ‘ఏటా పెరుగుతుంది’ అన్నమాట వినడానికి బాగుంటుంది. ఆ పెరుగుదల పూర్తిగా దక్కాలంటే మాత్రం ఐదేళ్లూ ఆరోగ్యంగా, కోత లేకుండా గడవాలి. ఎవరి ఉద్దేశం ఏమిటన్నది సూత్రం చెప్పదు. డబ్బు ఎప్పుడు చేతికి వస్తుందో మాత్రం ఇలా చూపిస్తుంది.

ఇంకో సంగతి. ఏటా కలిసేది ఒకే షిల్లింగు. కానీ పది మీద ఒకటి అంటే పదో వంతు. పదమూడు మీద ఒకటి అంటే పదమూడో వంతు. పదో వంతు కంటే పదమూడో వంతు చిన్నది. అంకశ్రేఢిలో పెరుగుదల మారదు, కానీ ఉన్న జీతంతో పోలిస్తే అది ఏటికేడు చిన్నదవుతుంది. ఇవాళ మీ యజమాని “ప్రతి ఏడాదీ ఐదు వందల రాండ్ల చొప్పున పెంచుతాను” అన్నా ఇదే లెక్క.

సగం జీతం

ఒప్పందం మీద వచ్చిన ఆడవాళ్లకి జీతం మగవాళ్లలో సగం. వరుసలో ప్రతి పదాన్నీ సగం చేద్దాం. పోయిన నెల నేర్చుకున్న ‘అర’ ఇక్కడ పనికొస్తుంది.

ఐదు, ఐదున్నర, ఆరు, ఆరున్నర, ఏడు

‘ఐదు’కి ‘అర’ చేరితే ‘ఐదున్నర’. ఈ ‘న్నర’ ఏ అంకెకైనా చేర్చవచ్చు. రెండున్నర, మూడున్నర, పదిన్నర. 

ఈ వరుస కూడా అంకశ్రేఢేనా? పరీక్ష చెయ్యండి. ఐదున్నరలోంచి ఐదు తీస్తే అర. ఆరులోంచి ఐదున్నర తీస్తే అర. తేడా అంతటా అరే. కాబట్టి అవును. ఒక అంకశ్రేఢిలో పదాలన్నిటినీ ఒకే సంఖ్యతో హెచ్చవేసినా, భాగించినా వచ్చేది అంకశ్రేఢే. ఆది సగమైంది, చయం సగమైంది, సర్వధనం కూడా సగమైంది. నెల లెక్కన 30 షిల్లింగులు. ఐదేళ్లకి 360 షిల్లింగులు, అంటే 18 పౌండ్లు. ఏటా పెరిగేది ఆరు పెన్నీలు మాత్రమే.

మూడు పౌండ్ల పన్ను

1895లో నేటాల్‌లో ఒక చట్టం వచ్చింది. ఆ చట్టం తర్వాత ఒప్పందం మీద వచ్చినవాళ్లు, ఐదేళ్లు ముగిశాక ఇండియాకి తిరిగి వెళ్లాలి, లేకపోతే మళ్లీ ఒప్పందం రాయాలి. రెండూ చెయ్యకుండా స్వేచ్ఛగా నేటాల్‌లోనే ఉంటామంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. 1903లో ఈ పన్నుని పిల్లల మీద కూడా వేశారు. మగపిల్లలకి 16 ఏళ్లు, ఆడపిల్లలకి 13 ఏళ్లు వస్తే చాలు, పన్ను పడుతుంది.

మూడు పౌండ్లంటే 60 షిల్లింగులు. ఈ 60 ఇంతకు ముందే చూశాం. ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఐదేళ్లకి ఐదు నెలల జీతాలు కూడితే వచ్చిన సర్వధనం అదే. ఒక్క ఏడాది పన్ను దానికి సమానం. ఐదో ఏటి జీతం, అన్నిటికంటే పెద్ద జీతం, నెలకి 14. నాలుగు నెలలకి 56. అంటే నాలుగు నెలల జీతం మొత్తం ఇచ్చేసినా పన్ను తీరదు.

ఇప్పుడు ఒక ఇల్లు అనుకుందాం. భర్త, భార్య, 16 దాటిన కొడుకు, 13 దాటిన కూతురు. తలకి 3 పౌండ్ల చొప్పున ఏడాదికి 12 పౌండ్లు. కట్టిన పన్ను ఏటేటా కూడుకుంటూ పోతే:

12, 24, 36, 48, 60

ఇదీ అంకశ్రేఢే. ఆది 12, చయం 12. మూడో పదం దగ్గర ఆగండి. 36. భర్త ఐదేళ్లు చెరకు తోటలో పనిచేస్తే వచ్చే 36 పౌండ్లు మూడేళ్ల పన్నుకి సరిపోయాయి. భార్య 18 పౌండ్లు కూడా కలిపితే 54. నాలుగేళ్ల పన్ను 48 పోగా మిగిలేది 6. ఐదో ఏటి పన్ను కట్టడానికి అది చాలదు. ఒప్పందం తీరాక బయట దొరికే కూలి మనిషిని బట్టి మారవచ్చు. కానీ ఒప్పందంలో ఇద్దరూ పడిన ఐదేళ్ల కష్టం ఐదేళ్ల పన్నుకి చాలదన్నది మాత్రం కూడికలోనే తేలిపోయింది. అప్పుడు మిగిలే దారి మళ్లీ ఒప్పందం రాయడం. చాలామంది అలాగే రాశారు. 

1913లో నేటాల్ గనుల్లో, తోటల్లో వేలమంది పని మానేసి సమ్మె చేసినప్పుడు ఈ పన్ను తీసెయ్యాలన్నది వాళ్ల ముఖ్యమైన కోరిక. 1914లో వచ్చిన చట్టంతో పన్ను పోయింది. చాలామందికి చదువు లేకపోయినా ఈ లెక్క మాత్రం బాగా తెలుసు. 

ఓడ జాబితాలో నంబర్లు

నేటాల్‌కి వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవాళ్లు. ఓడ జాబితాలో పేరు పక్కన ఆ నంబరు ఉంటుంది. ఇళ్లలో పాత కాగితాలు వెతుకుతున్నవాళ్లకి ఈ నంబరు ఎంత ముఖ్యమో తెలుసు. నంబర్లు ఒక్కొక్కటిగా పెరుగుతాయి, అంటే సామాన్య భేదం 1 ఉన్న వరుస.

ఒకే ఊరినుంచి వచ్చినవాళ్లు వరుసగా పేర్లు రాయించుకున్నారనుకోండి. మొదటివాళ్ల నంబరు 31,407. చివరివాళ్ల నంబరు 31,415. మొత్తం ఎంతమంది? 31,415లోంచి 31,407 తీస్తే 8. కానీ ఎనిమిదిమంది కాదు, తొమ్మిదిమంది. ఒక్కొక్కరినీ వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. తీసివేతలో వచ్చే 8 సందుల లెక్క. మనుషుల లెక్క కావాలంటే ఒకటి కలపాలి.

పదాల సంఖ్య = (చివరి పదం − మొదటి పదం) ÷ సామాన్య భేదం + 1

ఇది కొత్త సూత్రం కాదు. మొదట నేర్చుకున్న సూత్రాన్నే వెనక్కి తిప్పాం. అక్కడ వేళ్లలోంచి ఒకటి తీసి సందులు పట్టుకున్నాం. ఇక్కడ సందులకి ఒకటి కలిపి వేళ్లు పట్టుకుంటున్నాం. జాబితా చూసి మీ వాళ్లని లెక్కపెట్టేటప్పుడు ఈ ఒక్కటీ కలపడం మరిచిపోతే ఒక మనిషి లెక్కలోంచి జారిపోతాడు.

ఇంట్లో చెయ్యండి

లెక్క పైకి చదువుతూ చెయ్యండి. అంకెలు తెలుగులోనే పలకండి.

1. మొదటి వారం 5 రాండ్లు దాచారు. తర్వాత వారానికి 2 రాండ్ల చొప్పున పెంచుతూ పోయారు. యాభై రెండో వారం ఎంత దాచాలి? ఏడాది మొత్తం ఎంత?

2. సందు చుక్కల ముగ్గు. నడిమి వరుసలో 7 చుక్కలు. దానికి రెండు పక్కలా 6, 5, 4. చుక్కలన్నీ కలిపి ఎన్ని? సందు చుక్క అంటే ముందు వరుస చుక్కల సందులో పెట్టే చుక్క. అందుకే వరుస వరుసకీ ఒకటి తగ్గుతుంది. మన చేతివేళ్ల లెక్కే.

3. 1860, 1910, 1960, 2010. సామాన్య భేదం ఎంత? ఐదో పదం ఏది? అప్పటికి మీ ఇంట్లో చిన్నపిల్లలకి ఎన్నేళ్లు వస్తాయి?

4. 3, 6, 12, 24. ఇది అంకశ్రేఢి అవునా, కాదా? ఎందుకు?

జవాబులు: 1. ఆ వారం 107 రాండ్లు, మొత్తం 2,912 రాండ్లు. 2. 37 చుక్కలు. 3. భేదం 50, ఐదో పదం 2060. పిల్లల వయసు మీరే కట్టండి. 4. కాదు. తేడాలు 3, 6, 12. ఒకేలా లేవు.

ఈ నెల మాటలు

చొప్పున: ప్రతిసారీ ఇంత అని.
ఎన్నో: వరుసలో ఏ చోటు అని అడిగే మాట.
పదం: వరుసలో ఒక్కొక్క అంకె.
సామాన్య భేదం: పక్కపక్క పదాల మధ్య మారని తేడా.
మధ్యధనం: నడిమి పదం.
సర్వధనం: పదాలన్నిటి మొత్తం.
హెచ్చవేయడం: గుణించడం.
పదో వంతు: పది భాగాల్లో ఒక భాగం.

నాలుగో లెక్కలో ఉన్న వరుస అంకశ్రేఢి కాదు. అందులో ప్రతి పదం ముందుదానికి రెట్టింపు. అలాంటి వరుసకి గుణశ్రేఢి అని పేరు. వడ్డీకి వడ్డీ కట్టేవాళ్లకి అది బాగా తెలుసు. వచ్చే నెల దాని సంగతి చూద్దాం. అప్పటిదాకా మెట్లు ఒక్కొక్కటే ఎక్కండి.